మిగిలిన 37 మంది వేలిముద్రలు ఎవరివి?

ప్రశ్న

తిరుపతి–చిత్తూరు ప్రాంతంలోని ఒక మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. రాసిందెవరో బయటపడకుండా కొన్ని వివరాలు తీసేసి, సంగతి మాత్రం చెబుతాను.

సొంతూరు పుంగనూరు దగ్గర పల్లె. నాయన టమోటా పెడతారు, మదనపల్లె మార్కెట్‌కు తోలతారు. వాళ్ల ఇంట్లో మొదటి డాక్టరు ఈ అమ్మాయే కాబోతోంది. ఫస్టియర్లో ఫిజియాలజీ మేడమ్ ఒకరు క్లాసులో, "పరిశోధన అంటే ఏమిటో రుచి చూడాలనుంటే ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కు అప్లై చేయండి" అన్నారట. ఎస్‌టీఎస్ అంటారు కదా, అదే. ఐసీఎంఆర్ అంటే భారత వైద్య పరిశోధన మండలి. రెండు నెలల చిన్న పరిశోధన, కాలేజీలోనే ఒక గైడ్ దగ్గర చేయాలి. రిపోర్టు ఆమోదం పొందితే సర్టిఫికెట్, 50,000 రూపాయల స్టైపెండ్. ఈ అమ్మాయి అంశం తనే ఎంచుకుంది: షుగర్ ఉన్నవాళ్లలో పాదాల స్పర్శ ఎంతమందికి తగ్గింది, అలాంటివాళ్లలో చెప్పుల్లేకుండా నడిచే అలవాటు ఎంతమందికి ఉంది. ఒక సార్ గైడ్‌గా ఒప్పుకున్నారు. ప్రపోజల్ ఎంపికైంది, మనుషుల మీద చేసే పరిశోధనలను ముందుగా పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. హాస్టల్లో స్వీట్లు పంచింది.

చిక్కులన్నీ ఆ తర్వాతే. సార్ చేతి నిండా పని. "ఏముంటే అది పీజీ అక్కను అడుగు" అన్నారు. ఈ రెండు నెలల్లో సార్ ఎదురుగా కూర్చున్నది ఒక్కసారి, అదీ సంతకం కోసం. పాదాల స్పర్శ పరీక్షించే మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాన్ పోగును ఎలా వాడాలో యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంది. క్లాసులు, పోస్టింగులు తప్పించుకుని ఓపీకి వెళ్లింది. ప్రపోజల్‌లో 100 మంది అని రాశారు, అయింది 63. రిపోర్టు గడువు ఇంక మూడు వారాలు. పీజీ అక్కకు చెబితే, "మిగతా 37 నువ్వే నింపెయ్. పైవాటిని చూసి అటూ ఇటూ మార్చు. అందరూ చేసేదే, ఎవరు చూస్తారు?" అంది. సార్ మాత్రం వాట్సాప్‌లో "100 కంప్లీట్ చేసి రా" అని పెట్టారు.

ఇంట్లో ఇంకో గొడవ. "సర్వేలు మనకెందుకమ్మా, పీజీ సీటు సంగతి చూసుకో" అని నాయన. ఇప్పట్నుంచే నీట్ పీజీకి ఆన్‌లైన్ కోచింగ్ తీసుకొమ్మని బావ.

ఉత్తరంలో ఒక చోట ఇలా ఉంది: "ఒక అవ్వ వచ్చింది. రెండు పాదాల్లో ఎక్కడ ఫిలమెంట్ పెట్టినా ఆమెకు తెలియలేదు. 'మనవరాలి మొక్కుంది, వచ్చే వారం మెట్లెక్కి కొండకు పోవాల' అంది. నేను ఫారంలో రాసుకుని పంపించేశాను. మనది డేటా కలెక్షనే, ట్రీట్‌మెంట్ కాదు అని అక్క ముందే చెప్పింది. ఆ తర్వాత ఆమె పోయిందో లేదో తెలియదు."

అడిగినవి మూడు. 37 నింపాలా, వద్దా? సార్‌కు చెప్పాలా? పరిశోధన అంటే ఇంతేనా, ఇంతే అయితే మానేసి నీట్ పీజీ చదువుకోవడం మేలా?

సమాధానం

అమ్మా, మీరు అడిగిన మూడింట్లో లేని పని ఒకటుంది. ముందు అది చేయండి. ఆ అవ్వ ఫారం బయటికి తీయండి. ఫోన్ నంబరు ఉంటే, పీజీ అక్కకో సార్‌కో చెప్పి ఇవాళే ఫోన్ చేయించండి. ఆమెకే కాదు, స్పర్శ తెలియలేదని మీరు రాసుకున్న ప్రతి ఒక్కరికీ ఆ సంగతి చెప్పి, ఓపీకి రమ్మనాలి. స్పర్శ పోయిన పాదానికి రాయి గుచ్చుకున్నా తెలియదు, ఎండకు కాలిన బండ మీద పెట్టినా తెలియదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. పైకి వెళ్లాక అరికాలు చూసుకునే అలవాటు లేకపోతే, పుండు పడిన సంగతి వాసన వచ్చేదాకా తెలియకపోవచ్చు. మొక్కు మానుకోమని మనం చెప్పనక్కర్లేదు, చెప్పినా ఆమె వినదు. డాక్టరుకు చూపించుకుని వెళ్లమని, దిగి వచ్చాక మనవరాలి చేత రెండు అరికాళ్లూ చూపించుకోమని చెప్పొచ్చు.

"మనది డేటా కలెక్షనే" అన్న మాట తప్పు. మనుషుల మీద చేసే పరిశోధనలకు ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల్లో పాల్గొన్నవాళ్ల క్షేమం అన్నిటికన్నా ముందుంటుంది. పరీక్షలో తేడా కనపడితే వాళ్లకు చెప్పడం, తగిన చోటికి పంపడం పరిశోధనలో భాగమే. ఆ అవ్వ గురించి నాకు రాయాలని మీకు తోచింది చూశారా, అది మీకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. మిగతాదంతా నేర్చుకోవచ్చు.

ఇక 37 సంగతి. ఎక్సెల్‌లో నాలుగు అంకెలు అటూ ఇటూ చేయడమే కదా అని మీ పీజీ అక్క అనుకుంటోంది. ఆ ఒక్కో వరుస వెనకాల ఒక సమ్మతి పత్రం ఉండాలి. దాని మీద సంతకమో వేలిముద్రో ఉండాలి. చదువురానివాళ్లయితే పక్కన సాక్షి సంతకం కూడా ఉండాలి. లేని మనుషులకు ఆ 37 వేలిముద్రలు ఎవరివి వేస్తారు? మీ బొటనవేలొకసారి, రూమ్మేట్ బొటనవేలొకసారా? కాగితం దాకా ఆలోచిస్తే ఇది "నింపడం" కాదు, ఫోర్జరీ. రిపోర్టు మీద పేరు మీది. రేపు ఎవరైనా ఫారాలు చూపించమంటే, చెప్పిన అక్క అప్పటికి పీజీ అయిపోయి ఎక్కడో ఉంటుంది.

"ఎవరు చూస్తారు" అన్నదీ పూర్తిగా నిజం కాదు. నిజంగా కూర్చుని పరీక్ష చేసిన డేటాలో గజిబిజి ఉంటుంది. ఒకరికి బొటనవేలి కింద ఆనెకాయ ఉంటే ఆ చోట పరీక్ష చేయలేదని రాసి ఉంటుంది. ఒకాయన షుగర్ ఎన్నేళ్లుగా ఉందో చెప్పలేడు, ఆ గడి ఖాళీ. ఒకావిడ మధ్యలో బస్సు టైమైందని లేచిపోతుంది. ఊహించి రాసిన 37 వరుసల్లో ఇవేవీ ఉండవు, అన్నీ శుభ్రంగా నిండి ఉంటాయి. అలవాటున్న స్టాటిస్టీషియన్ కన్ను ముందు ఆ శుభ్రం మీదే పడుతుంది. మీ నాయనకు ఇది నాకంటే బాగా తెలుసు: బాక్సులో పైన మంచి కాయలు పేర్చి అడుగున పుచ్చులు పెడితే, అది బయటపడిన రోజున ఆ అడుగు కాయలకే కాదు, లోడు మొత్తానికీ రేటు పడిపోతుంది. మీ 63 నిజమైనవి. వాటిని ఆ 37తో కలపకండి.

అసలు ఆ 100 ఎక్కడి నుంచి వచ్చిందో మీకు ఎవరైనా చెప్పారా? కమ్యూనిటీ మెడిసిన్‌లో 4పీక్యూ బై ఎల్ స్క్వేర్ అని ఒక సూత్రం వస్తుంది. ఎంతమందికి ఆ సమస్య ఉంటుందో ముందుగా తెలియనప్పుడు పీ 50 శాతం అనుకుంటాం, అప్పుడు 100లో మిగిలిన క్యూ కూడా 50. వచ్చే ఫలితంలో అటూ ఇటూ 10 శాతం తేడాకు ఒప్పుకుంటే ఎల్ 10. లెక్క వేయండి: 4ను 50తో, మళ్లీ 50తో గుణిస్తే 10,000, దాన్ని 100తో భాగిస్తే 100. మీ ప్రపోజల్‌లోని 100 బహుశా ఇదే. ఇప్పుడు తిరగేసి 63 పెట్టి చూడండి. ఎల్ సుమారు 12.6 వస్తుంది. అంటే 63 మందితో ఆగిపోవడం వల్ల మీకు జరిగే నష్టం, ఫలితంలో అటూ ఇటూ 10 శాతం ఉండాల్సిన తేడా 12 లేదా 13 శాతం కావడం. అంతే. దీనికోసమా 37 మందిని పుట్టించడం!

అనుకున్న సంఖ్య రాకపోవడం పరిశోధనలో రోజూ జరిగేదే. పెద్ద పెద్ద సంస్థల అధ్యయనాలకూ జరుగుతుంది. రిపోర్టులో పరిమితులు అని ఒక భాగం ఉండేది ఇందుకే. అక్కడ ఎంతమందిని అడిగారు, ఎంతమంది వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు అన్నది రాయాలి. మీ దగ్గర ఆ లెక్క ఉందా? లేకపోతే ఇవాళే గుర్తున్నంత మేరకు రాసిపెట్టుకోండి. నిజానికి 63 కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీరు ఫిలమెంట్ వాడకాన్ని యూట్యూబ్‌లో నేర్చుకోవడం. ఆ నైలాన్ పోగు వంగేంత వరకే నొక్కాలి, ఒకటి రెండు సెకన్లు ఉంచి తీసేయాలి. రోగి కళ్లు మూసుకోవాలి. "ఇక్కడ తెలుస్తోందా?" అని అడుగుతూ పెడితే మనవాళ్లు మర్యాదకైనా "ఆఁ" అంటారు. ఏమీ అడగకుండా పెట్టి, తెలిసినప్పుడు వాళ్లనే చెప్పమనాలి. ఆనెకాయల మీద, పుండ్ల మీద పెట్టకూడదు. మీరు ఇలాగే చేశారా? ఎవరూ పక్కన కూర్చుని చూడలేదు కాబట్టి ఇప్పుడైనా చూపించుకోండి. వచ్చే పేషెంట్లలో ఓ పది మందిని మీరు ఒకసారి, మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో ఇది రోజూ చేసే డాక్టరు ఒకసారి, విడివిడిగా పరీక్షించి, ఫలితాలు పక్కపక్కన పెట్టండి. బాగా కలిస్తే మీ 63కూ బలం వస్తుంది. కలవకపోతే అది కూడా రిపోర్టులో రాయాల్సిందే, కొంచెం బాధగా ఉన్నా.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

63తోనే విశ్లేషణ చేసి, ఉన్నదున్నట్టు రాసి పంపడం ఒక దారి. దీనిలో ప్రమాదం లేదని చెప్పను. రిపోర్టు చూసేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు సర్టిఫికెట్టూ రాదు, స్టైపెండూ రాదు. ఆ డబ్బు మీ ఇంటికి చిన్నదేమీ కాదని నాకు తెలుసు. ఒప్పుకునే అవకాశమూ బాగానే ఉంది, ఎందుకంటే సంఖ్య తగ్గడానికి కారణం రాసి, లెక్క సరిగ్గా చూపిన రిపోర్టు అసంపూర్ణం కాదు.

మిగిలిన మూడు వారాల్లో ఇంకొందరిని చేర్చుకోవడం ఇంకో దారి. ఎథిక్స్ కమిటీ అనుమతించిన వ్యవధి ఇంకా నడుస్తుంటేనే ఇది. ముగిసిపోయి ఉంటే ముందు వాళ్లకు లేఖ పెట్టి పొడిగింపు అడగాలి, ఆ లేఖ మీద సార్ సంతకం కావాలి. షుగర్ పేషెంట్లు ఎక్కువగా వచ్చే రోజు ఏదో ఓపీ సిస్టర్‌ను అడిగితే చెబుతారు. ఆ ఒక్క రోజు పూర్తిగా పెట్టుకుంటే మామూలు రోజుల్లో వారం పట్టే పని అవుతుంది. ఫ్రెండ్‌ను సాయం పెట్టుకుందామనుకుంటే జాగ్రత్త. ప్రపోజల్‌లో పేరు లేనివాళ్లు సమ్మతి తీసుకోవడం, పరీక్ష చేయడం కుదరదు. ఫారాలు అందించడం, పేషెంటును కూర్చోబెట్టడం వరకు ఫరవాలేదు. ఇలా 63 కాస్తా 80 అవుతుందేమో. 100 కాకపోయినా 80 నిజమైన 80. ఖర్చు ఏమిటంటే పాథాలజీ, ఫార్మకాలజీ ఇంటర్నల్స్. అవి దగ్గరలో ఉంటే ఈ దారి మానేయండి, మొదటి దారిలో తప్పేమీ లేదు.

పూర్తిగా విరమించుకోవడం మూడోది. దీన్ని చివరికి ఉంచుకోండి. మీకు పోయేది సర్టిఫికెట్టే, కానీ ఆ 63 మంది క్యూలో టోకెన్ పోతుందని తెలిసీ చెప్పులు విప్పి మీ ముందు కూర్చున్నారు. ఏమీ రాయకుండా వదిలేస్తే వాళ్ల సమయం వృథా అవుతుంది.

నాలుగోది, అక్క చెప్పింది. దాని సంగతి పైన చెప్పాను.

సార్‌కు చెప్పాలా అన్నారు. చెప్పాలి, ఎందుకంటే మొదటి మూడు దారుల్లో ఏది పట్టుకున్నా ఆయన సంతకం లేకుండా అడుగు పడదు. "100 కంప్లీట్ చేసి రా" అన్న మెసేజీలో నాకు దురుద్దేశం కనపడలేదు. ఓపీ, వార్డు, క్లాసులు, పీజీల థీసిస్‌లు, ఇన్‌స్పెక్షన్ పేపర్లు, వాటి మధ్యలో ఫోన్ చూసి కొట్టిన నాలుగు మాటలవి. మీరు 63 దగ్గర ఆగారని ఆయనకు తెలిసి కూడా ఉండకపోవచ్చు. వాట్సాప్‌లో చెప్పకండి, ఎదురుగా వెళ్లండి. ఫారాల కట్ట చేతిలో పట్టుకెళ్లండి. పీజీ అక్క పేరు ఎత్తకండి. ఆమె చెప్పింది తప్పే, కానీ ముప్పై ఆరు గంటల డ్యూటీ చేసి వచ్చి ఎవరూ అప్పగించకుండానే మీ గైడ్ పని చేస్తున్న మనిషి ఆమె. ఆమెకూ ఎవరూ ఇంతకంటే బాగా నేర్పి ఉండరు. పైగా మిగతా రెండేళ్లు వార్డుల్లో మీరూ ఆమే కలిసి తిరగాలి.

మాట ఇలా ఉంటే బాగుంటుంది: "సార్, 63 అయ్యాయి. గడువులోపల 100 కావు. 63కు లెక్క వేస్తే తేడా 10 నుంచి 12.6 అవుతోంది. ఇలాగే విశ్లేషణ చేసి, కారణం పరిమితుల్లో రాయమంటారా? లేకపోతే గురువారం, శుక్రవారం ఓపీలో ఇంకొందరిని తీసుకోమంటారా?" చూడండి, ఇందులో ఫిర్యాదు లేదు, "నింపమన్నారు" అన్న మాట లేదు. రెండు మంచి దారులు ఆయన ముందు పెట్టి ఒకటి ఎంచుకోమంటున్నారు. చాలామంది ప్రొఫెసర్లు ఈ పరిస్థితిలో "సరే, 63తోనే రాయి" అంటారు. కొందరు ఆ 12.6 అనే మాట విని మొదటిసారిగా మీ వైపు తలెత్తి చూస్తారు.

ఒకవేళ ఆయనే "ఎలాగోలా 100 చెయ్" అంటే? అప్పుడు కష్టమే. ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలో ఉండొచ్చు, ఫైనల్లో ఎగ్జామినర్‌గా ఎదురు కావచ్చు. ఇరవై ఏళ్ల అమ్మాయిని వెళ్లి యుద్ధం చేయమని నేను కూర్చున్న చోటి నుంచి రాయడం తేలిక. అందుకే రాయను. "63 మాత్రమే చేయగలిగాను సార్, అంతకు మించి నా దగ్గర లేవు" అని చెప్పి, ఆ 63తోనే డ్రాఫ్టు రాసి ఆయనకు ఈమెయిల్ చేయండి. వాదించకుండానే మీ వైపు నుంచి రాతలో ఒక సంగతి నిలిచిపోతుంది. ఆయన సంతకం పెట్టకపోతే రిపోర్టు వెళ్లదు, మీకు స్టైపెండ్ పోతుంది, కానీ మీ పేరు మీద దొంగ డేటా ఉండదు. ఇంకా ముందుకు వెళ్లాలనిపిస్తే ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీ ఉంటారు, కాలేజీ రీసెర్చ్ కమిటీ ఉంటుంది. మొదట మీకు ఈ స్కీము గురించి చెప్పిన ఫిజియాలజీ మేడమ్ దగ్గర కూర్చుని మాట్లాడాకే అక్కడికి వెళ్లండి. ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు.

"పరిశోధన అంటే ఇంతేనా" అన్నది మీ మూడో ప్రశ్న. ఈ రెండు నెలల్లో మీరు పరిశోధనను ఇంకా చూడలేదమ్మా. ఫారాలు నింపే పనిని చూశారు. ఐసీఎంఆర్ 1979లో ఈ స్టూడెంట్‌షిప్ మొదలుపెట్టింది, మీ వయసు పిల్లలు చదువు మధ్యలోనే ఒక పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఆ పని ఎలా జరుగుతుందో చూడాలని. అందులో ముఖ్యమైన మాట "పక్కన కూర్చుని". గైడ్ ఉన్న చోట ఎలా ఉంటుందంటే, మొదటి వారం మీ ప్రశ్ననే ఆయన పది ముక్కలు చేస్తారు. చెప్పుల్లేకుండా నడవడం అంటే ఇంట్లోనా, పొలంలోనా, గుడికా? రోజుకు ఎంతసేపు? స్పర్శ తగ్గిందని దేన్ని అంటావు, ఒక చోట తెలియకపోతేనా, నాలుగు చోట్లనా? మీరు ఏడుపుముఖం పెట్టుకుని హాస్టల్‌కు వచ్చి ప్రశ్నావళి తిరగరాస్తారు. తర్వాత ఐదారుగురి మీద పరీక్షిస్తే "న్యూరోపతి (నరాలు దెబ్బతినడం) ఉందా" అన్న మీ ప్రశ్న ఎవరికీ అర్థం కాలేదని తెలుస్తుంది, "తిమ్మిర్లు ఎక్కుతాయా, మంటలున్నాయా" అని మార్చుకుంటారు. మొదటి పది ఫారాలు ఆయనే తిరగేసి, ఏడో ఫారంలో వయసు 45, షుగర్ 50 ఏళ్లుగా అని రాసుంటే ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి వెనక్కిస్తారు. వారానికి అరగంట చాలు ఇదంతా చేయడానికి. ఆ అరగంట మీకు దొరకలేదు.

ఇది మీ తప్పు కాదు, అలాగని దానికోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సిన పనీ లేదు. గైడ్ ఒకరు, నేర్పేవాళ్లు ఇంకొకరు కావచ్చు. మీ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో స్టాటిస్టీషియన్ ఉంటారు, విద్యార్థులు వాళ్ల గది తలుపు తట్టడం చాలా అరుదు. మీ ఎక్సెల్ పట్టుకుని వెళ్లండి, సంతోషిస్తారు. చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ వాళ్ల పరిశోధన పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఉచితంగా ఉన్నాయి. యూట్యూబ్‌లో ఎలాగూ చూస్తున్నారు కదా, ఇవి చూడండి. థర్డ్ ప్రొఫెషనల్ పార్ట్ వన్ అయ్యాక మీ సిలబస్‌లోనే ఎలెక్టివ్స్, అంటే మీకు నచ్చింది ఎంచుకుని చేసేవి, వస్తాయి, వాటిలో ఒకటి పరిశోధనకు పెట్టుకోవచ్చు. మీది లేబొరేటరీ మనసైతే తిరుపతిలోనే సైన్సు పరిశోధన సంస్థ ఐసర్ ఉంది, ఎస్వీ యూనివర్సిటీ ఉంది. చిత్తూరు దాటితే వెల్లూరు సీఎంసీ. ఈసారి గైడ్‌ను వెతికేటప్పుడు హోదా చూడకండి. ఇంతకు ముందు ఆయన దగ్గర చేసిన విద్యార్థిని పట్టుకుని "వారానికి ఎన్నిసార్లు కలిసేవారు?" అని అడగండి. ఆ ఒక్క జవాబులో మీకు కావాల్సింది తెలుస్తుంది.

నీట్ పీజీ గురించి నిజం చెబుతాను. ఈ సర్టిఫికెట్‌కు అక్కడ ఒక్క మార్కు కూడా కలవదు. సీటు ర్యాంకును బట్టే వస్తుంది. ఈ విషయంలో మీ నాయన, బావ అన్నది సరైనదే. కానీ సీటు వచ్చిన తర్వాత ఎండీ, ఎంఎస్‌లో ప్రతి ఒక్కరూ థీసిస్ రాయాలి. అప్పుడు 4పీక్యూ ఏమిటో, సమ్మతి పత్రం ఎలా రాయాలో తెలియక తడుముకునేవాళ్లే ఎక్కువ. మీ పీజీ అక్క చెప్పిన "అందరూ చేసేదే" అన్న మాట అక్కడ పుట్టిందేనని నా అనుమానం. రెండో ఏడాదిలో రెండు నెలలు దీనికి పెట్టినందువల్ల పీజీ సీటు పోదు. ఏడాది పొడవునా ప్రతి ప్రాజెక్టుకూ చేయి ఎత్తితే మాత్రం పోవచ్చు. ఈ రిపోర్టు పంపాక ఎలెక్టివ్స్ వచ్చేదాకా కొత్తదేదీ ఒప్పుకోకండి, ఎంత మంచి సార్ అడిగినా సరే. ఇంట్లోవాళ్లకు కూడా ఆ మాటే చెప్పండి. గడువున్న పని అని తెలిస్తే నాయనకూ టెన్షన్ తగ్గుతుంది.

మీరు అడగని ఇంకో సంగతి: దీన్ని పేపర్‌గా వేద్దామన్న మాట రేపో మాపో వస్తుంది. అధ్యాపకుల ప్రమోషన్లకు పేపర్లు కావాలి, అందుకని వస్తుంది. అప్పుడు పేర్ల వరుస గురించి గొడవ వస్తుంది. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి, విలియం హొవెల్ అనే ఫిజియాలజీ ప్రొఫెసర్ దగ్గర రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం మీద పనిచేస్తూ, దానికి సరిగ్గా ఎదురు, గడ్డకట్టనివ్వని పదార్థాన్ని చూశాడు. అనుకున్నది రాలేదని పక్కన పడేయకుండా రాసి ప్రచురించాడు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు హెపారిన్ కథ అక్కడ మొదలైంది. ఆ పేరు పెట్టి పనిని ముందుకు తీసుకెళ్లింది హొవెల్. మెక్లీన్ ముసలితనంలో కూడా కనిపెట్టింది నేనేనని చెప్పుకుంటూనే ఉన్నాడు. ఇందులో ఎవరిది ఎంత అని పరిశోధకులు తర్వాత చాలా కాలం తవ్వారు. మీ విషయంలో అంత దూరం పోకుండా, రిపోర్టు పంపేటప్పుడే సార్‌ను అడగండి: పేపర్ రాస్తే మొదటి పేరు ఎవరిది, పీజీ అక్క పేరు ఏ పని చేసినందుకు ఉంటుంది అని. ఆయన ఒప్పుకున్నది అదే సాయంత్రం "సార్, మనం అనుకున్న ప్రకారం..." అని చిన్న ఈమెయిల్‌గా పంపండి. వారంలో పబ్లిష్ చేస్తాం, ఇంత కట్టండి అని వచ్చే మెసేజీలకు జవాబివ్వకండి. ఒరిజినల్ ఫారాలు డిపార్ట్‌మెంట్ బీరువాలో పెట్టించి, పేషెంట్ల పేర్లు తీసేసిన ఎక్సెల్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. పేర్లున్న ఫైలు మాత్రం వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు, అడిగింది సారే అయినా సరే.